ఇంట్లో పాత పాదరసం, అందులో బంగారం ఉందన్న ఆశ: ఏ దారి మంచిది?

మా తాతగారు పోయిన చాలా ఏళ్ళకి ప్రొద్దుటూరులో ఆయన కంసాలి కొట్టు ఖాళీ చేస్తుంటే, పనిముట్ల పెట్టె అడుగున ఒక ఇంకు బుడ్డి దొరికింది. మూత చుట్టూ లక్క, పైన మురికి గుడ్డ చుట్టి ఉంది. ఖాళీ బుడ్డే కదా అని రెండు వేళ్ళతో పైకి లాగబోతే జారి మళ్ళీ పెట్టెలోనే పడింది. అదృష్టం బాగుండి పగల్లేదు. కాటా మీద పెడితే ముప్పావు కిలోకి కాస్త తక్కువ. వెలుతురుకి ఎత్తి వంచితే పైనున్న రసం వెండిలా మెరుస్తూ గబుక్కున పక్కకి దొర్లింది గానీ, అడుగున చలికాలంలో పేరుకున్న నెయ్యిలాంటి ముద్ద ఒకటి తీరిగ్గా, ఒక క్షణం ఆలస్యంగా కదిలింది.

మా బాబాయి ఒక్క చూపు చూసి, "పది తులాలకి తక్కువుండదురా, కుంపటి రాజేసి మూసలో పెట్టి ఊదితే సాయంత్రానికి తేలిపోతుంది" అన్నాడు. ఆయన్ని అని లాభం లేదు, చిన్నప్పట్నుంచీ చూసింది అదే. కొట్ల ముందు కాలవలో మట్టి ఎత్తుకెళ్ళి జలగడిగేవాళ్ళు కూడా అదే చేసేవాళ్ళు: మట్టి కడగడం, మిగిలిన బరువు ఇసకలో పాదరసం వేసి పిసకడం, గుడ్డలో పిండటం, మిగిలిన ముద్దని నిప్పుల మీద పెట్టడం.

ఆ తర్వాత రెండు నెలలు దీని గురించి చదివి, తెలిసినవాళ్ళని అడిగి, మధ్యలో ఒక తెలివితక్కువ పని కూడా చేసి (దాని సంగతి కింద చెప్తాను) తెలుసుకున్నదంతా ఇక్కడ పెడుతున్నాను. కంసాలి ఇళ్ళలో, పాత డాక్టర్ల ఇళ్ళలో, స్కూల్ ల్యాబుల్లో ఇలాంటి సీసాలు ఇంకా ఉంటాయి, దొరికిన ప్రతివాళ్ళకీ వచ్చే మొదటి ఆలోచన బంగారమే.

ముందు లెక్క చూసుకోండి

అసలు మీ సీసాలో ఎంత బంగారం ఉండే అవకాశం ఉంది అన్నది మూత తీయకుండానే చాలావరకు తేల్చుకోవచ్చు. పాదరసం లీటరు పదమూడున్నర కిలోలు తూగుతుంది, అందుకే చిన్న సీసా కూడా చేతికి అంత బరువుగా తగులుతుంది, ఆ బరువు బంగారం వల్ల అనుకుని చాలామంది పొరపడతారు. బంగారం పాదరసంలో నిజంగానే కరుగుతుంది, కానీ గది వేడిలో కరిగేది బహు తక్కువ, కిలోకి సుమారు 1.3 గ్రాములు. అంతకు మించి బంగారం పడితే అది కరగదు, పాదరసాన్ని పీల్చుకుని వెన్నలాంటి ముద్దగా విడిగా ఉంటుంది.

అంటే సీసాలో ఉన్నదంతా నీళ్ళలా పల్చగా, ఎక్కడా ఆగకుండా దొర్లుతుంటే, అది తాతల నాటిదైనా సరే, దేవుడి గదిలో దాచిందైనా సరే, కిలోకి గ్రామున్నర కూడా లేదు. అర కిలో సీసా అయితే గ్రాములో మూడు వంతుల్లో రెండు వంతులు, అదీ పూర్తిగా నిండా కరిగి ఉంటేనే. దాని కోసం ఇంట్లో వాళ్ళ ఊపిరితిత్తులు పణంగా పెడతారా అన్నదే మీరు వేసుకోవాల్సిన ప్రశ్న, మిగతావన్నీ తర్వాత.

ముద్ద ఉంటే లెక్క వేరు. గుడ్డలోనో మెత్తటి తోలులోనో గట్టిగా పిండిన బంగారు ముద్దలో మామూలుగా బరువులో సగం దాకా బంగారం ఉంటుంది. కానీ ఇక్కడే ఇంకో మెలిక ఉంది, ముద్ద కనపడగానే బంగారం అనుకోకండి. పాదరసం వెండిని పట్టుకుంటుంది, రాగిని, తగరాన్ని, సీసం (లెడ్) లోహాన్ని, జింకుని కూడా పట్టుకుంటుంది, ఇనుము మాత్రం దానికి పడదు, అందుకే గనులకి పాదరసం వచ్చేది కూడా 76 పౌన్ల ఇనప సీసాల్లో, అంటే దాదాపు ముప్పై నాలుగున్నర కిలోల సీసా అన్నమాట. పళ్ళ డాక్టరు దగ్గర మిగిలిన ముద్ద అయితే అందులో వెండి, తగరం, రాగి తప్ప బంగారం ఉండదు. కంసాలి కొట్టు ఊడ్పులోంచి వచ్చిన ముద్దలో వెండి, రాగి గ్యారంటీగా ఉంటాయి, ఒక కాలంలో కేడీఎం టాంకా (కాడ్మియం కలిపిన అతుకు లోహం) వాడిన కొట్టయితే కాడ్మియం కూడా ఉండొచ్చు, వేడి చేస్తే దాని పొగ ఇంకో విషం.

ఇక పగిలిన థర్మామీటర్లు, పాత బీపీ మిషన్, ల్యాబులోని బారోమీటరు, వీటిలోంచి వచ్చిన పాదరసంలో బంగారం సున్నా. ఇది మీ కేసయితే నేరుగా "అప్పజెప్పేయడం" అన్న చోటికి వెళ్ళిపోండి.

మీ ముందున్న దారులు

కుంపటి, గ్యాస్ స్టవ్, బ్లో టార్చ్

దీన్ని దారి అనడం కూడా నాకు ఇష్టం లేదు, కానీ అందరి నోటా మొదట వచ్చేది ఇదే కాబట్టి చెప్పక తప్పదు. పాదరసం 357 డిగ్రీల దగ్గర మరుగుతుంది, బంగారం కరగడానికి 1064 కావాలి, కాబట్టి మంట పెడితే పాదరసం ఎగిరిపోయి బంగారం మిగులుతుందన్నది నిజమే. ఆ ఎగిరిపోయింది ఎక్కడికి పోతుంది? రంగు లేదు, వాసన లేదు, కంటికి కనపడదు, ఊదేవాడి ముక్కులోకి మొదట, తర్వాత గోడలకి, చాపలకి, బట్టలకి చల్లబడి అంటుకుని, ఆ తర్వాత ఏళ్ళ తరబడి మెల్లగా మళ్ళీ పైకి లేస్తూ ఉంటుంది.

ఒక వింత విషయం ఏంటంటే, పాదరసం చుక్క పొరపాటున మింగితే కడుపులోంచి దాదాపు అంతా బయటికే పోతుంది, ఒంటికి పట్టేది నామమాత్రం. అదే ఆవిరిని పీలిస్తే ఎనభై శాతం దాకా రక్తంలోకి వెళ్ళిపోతుంది. మన పెద్దవాళ్ళు చేత్తో తాకినా ఏం కాలేదు కదా అని ధైర్యం చెప్తుంటారే, వాళ్ళు చూసింది చర్మం సంగతి, ఊపిరి సంగతి వేరు.

1989 ఆగస్టులో అమెరికాలో మిషిగన్ రాష్ట్రం లింకన్ పార్క్ అనే ఊళ్ళో ఒక ఇంట్లో పళ్ళకి వాడే పాదరసం ముద్దని కరిగించి వెండి తీయబోయారు. ఆ ఇంట్లో ఉన్న నలుగురు పెద్దవాళ్ళూ కొన్ని వారాల్లోపే చనిపోయారు. ఆస్పత్రిలో చేరారు, పాదరసానికి ఇచ్చే విరుగుడు మందులు ఇచ్చారు, అయినా దక్కలేదు. మొదట వచ్చేవి దగ్గు, ఛాతీ పట్టేసినట్టు ఉండటం, జ్వరం, ఒళ్ళు నొప్పులు, అచ్చం ఫ్లూలాగే, కాబట్టి ఎవరైనా ఇలాంటి పని చేసి ఆ సాయంత్రం ఒంట్లో బాలేదంటే పారాసెటమాల్ వేసి పడుకోబెట్టకుండా ఆస్పత్రికి తీసుకెళ్ళి పాదరసం పొగ పీల్చాడని డాక్టరుకి సూటిగా చెప్పండి.

"బయట పెరట్లో చేస్తే?" అని అడుగుతారు. ఊదేవాడు పెరట్లో ఉన్నా పొయ్యి పక్కనే కదా ఉండేది.

నైట్రిక్ యాసిడ్

యూట్యూబ్ చూసేవాళ్ళకి ఇది చాలా శుభ్రంగా కనపడే పద్ధతి. పాదరసాన్ని యాసిడ్ తినేస్తుంది, బంగారం అడుగున గోధుమరంగు పొడిగా మిగులుతుంది, మంట లేదు, పొగ లేదు అంటారు. పొగ లేదన్నది అబద్ధం, ఎర్రటి గోధుమరంగు పొగ వస్తుంది, అది కూడా ఊపిరితిత్తులని కాల్చేదే, పైగా ఆ పూటకి బాగానే ఉండి రాత్రికి ఊపిరాడకుండా చేసే రకం.

అంతకన్నా పెద్ద చిక్కు మిగిలిన ద్రావణం. ఇప్పటిదాకా మీ దగ్గరున్నది ఒక సీసాలో కుదురుగా కూర్చున్న లోహం, ఇప్పుడది పాదరసం నైట్రేటు అనే నీళ్ళలో కలిసే ఉప్పు. చర్మం గుండా కూడా ఒంట్లోకి వెళ్తుంది, సింకులో పోస్తే కాలవలోకి, చెరువులోకి, అక్కణ్ణుంచి చేపల్లోకి. ఒకప్పుడు యూరప్‌లో, అమెరికాలో టోపీలు చేసేవాళ్ళు కుందేలు బొచ్చు దట్టంగా అల్లుకుపోయేలా చేయడానికి వాడింది ఈ ఉప్పునే. ఆ పని చేసేవాళ్ళకి చేతులు వణకడం ఎంత మామూలైపోయిందంటే కనెటికట్ రాష్ట్రంలో టోపీల ఊరైన డాన్‌బరీ పేరు మీదే ఆ వణుకుని పిలిచేవాళ్ళు. గ్రాము బంగారం కోసం లీటరు విషం తయారుచేసుకుని, దాన్ని ఎవరికివ్వాలో తెలియక మళ్ళీ పెరట్లో దాచుకోవడం అంటే ఉన్న సమస్యని పదింతలు చేసుకోవడమే. శిక్షణ ఉన్న ల్యాబులో ఫ్యూమ్ హుడ్ (పొగని బయటికి లాగే గూడు) కింద చేసేవాళ్ళ మాట వేరు, వాళ్ళు ఈ వ్యాసం చదవరు.

రిటార్ట్

తెలుగులో దీనికి మాటేం లేదు, రిటార్ట్ అనే అంటున్నారు. మూత బిగించిన ఇనప పాత్ర, దానికి ఒక గొట్టం, ఆ గొట్టం చుట్టూ చల్లదనం. లోపల ముద్ద వేడెక్కి పాదరసం ఆవిరై గొట్టంలోకి వెళ్ళి చల్లబడి మళ్ళీ రసంగా అవతల నీళ్ళలో పడుతుంది. సారా బట్టీ చూసినవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు, సూత్రం అదే. సరిగ్గా పనిచేసే రిటార్ట్‌లో పాదరసం తొంభై శాతం పైన వెనక్కి వస్తుంది. ఆఫ్రికాలో, దక్షిణ అమెరికాలో, ఇండోనేషియాలో చిన్న గనుల వాళ్ళ చేత కుంపటి మాన్పించి ఇది వాడించాలని ఐక్యరాజ్యసమితి సంస్థలు ఏళ్ళ తరబడి తిప్పలు పడుతున్నాయి, ఎందుకంటే ప్రపంచంలో మనుషులు గాల్లోకి వదిలే పాదరసంలో అన్నిటికంటే పెద్ద వాటా, మూడో వంతు పైనే, ఆ చిన్న గనులదే. బొగ్గు విద్యుత్ కేంద్రాలు కూడా దాని తర్వాతే.

మరి ఇంట్లో రిటార్ట్ పెట్టుకోవచ్చా? నా అభిప్రాయం, ఒక్క సీసా కోసం వద్దు. మూత దగ్గర గాస్కెట్ ఒక్క వెంట్రుకవాసి లీకైనా మీకు తెలియదు, ముందే చెప్పానుగా, కనపడదు, వాసన రాదు. గొట్టం చివర నీళ్ళలో ముంచి ఉంచి మంట ఆర్పితే లోపల ఖాళీ ఏర్పడి నీళ్ళని వెనక్కి లాగుతుంది, ఎర్రగా కాలిన పాత్రలోకి నీళ్ళు పోతే ఏమవుతుందో ఊహించుకోండి. పైగా పని అయిపోయాక తెరిచి చూస్తే లోపల స్పాంజిలా చిల్లులు చిల్లులుగా ఉన్న బంగారం దొరుకుతుంది, పాదరసం అంతా పోయిందనుకుంటారు, కానీ ఆ చిల్లుల్లో ఇంకా కొన్ని శాతం మిగిలే ఉంటుంది. దాన్ని కరిగించడానికి మంట పెట్టినప్పుడు అది మళ్ళీ బయటికి వస్తుంది. గనుల ఊళ్ళలో బంగారం కొనే షాపుల్లో గాలి గనుల్లోకంటే పాడుగా ఉండటానికి కారణం ఇదే. రిటార్ట్ ఉన్నా, కరిగించే చోట పొగని పట్టే ఏర్పాటు లేకపోతే పని సగమే అయినట్టు.

రిఫైనరీకి ఇవ్వడం

ముద్ద ఉన్నవాళ్ళకి నేను చెప్పేది ఇదే, కాకపోతే "రిఫైనరీ" అన్న బోర్డు చూసి మోసపోకండి. మన ఊళ్ళలో బంగారం కరిగించే షాపులు, చాలావరకు సాంగ్లీ వైపు నుంచి వచ్చిన మరాఠీ వాళ్ళవి, పాత నగలు కరిగించడంలో చేయి తిరిగినవాళ్ళే, టంచ్ (బంగారం స్వచ్ఛత) చూడటంలో కూడా నమ్మకస్తులే. పాదరసం మాత్రం వాళ్ళ పని కాదు. నేను మొదట మా బజార్లోనే ఒకాయన దగ్గరికి వెళ్ళాను. ఎనిమిది అడుగుల గది, ఒక ఫ్యాను, మూలన ఇద్దరు కుర్రాళ్ళు టిఫిన్ తింటున్నారు. సీసా చూసి "పెట్టండి సార్, పది నిమిషాలు" అని టార్చ్ అందుకున్నాడు. ఆ కుర్రాళ్ళని చూసి సీసా తీసుకుని వెనక్కి వచ్చేశాను.

అడగాల్సినవి మూడే: పాదరసం పట్టుకునే రిటార్ట్ ఉందా, పొగని కడిగే స్క్రబ్బర్ ఉందా, వచ్చిన పాదరసాన్ని ఎవరికి ఇస్తారు. మూడో ప్రశ్నకి తడబడితే మొదటి రెండిటికీ చెప్పిన జవాబు కూడా నమ్మకండి. ప్రమాదకర వ్యర్థాల నియమాలు 2016 కింద అనుమతి ఉన్న యూనిట్ అయితే కాగితం చూపించడానికి మొహమాటపడదు.

కనీసం ఎంత ఉంటే వాళ్ళు తీసుకుంటారో, ఛార్జీ ఎంతో ముందే ఫోన్లో మాట్లాడుకోండి. మా సీసా నేను హైదరాబాద్ శివార్లలో ఒక యూనిట్‌కి తీసుకెళ్ళాను. వాళ్ళు హుడ్ కింద పిండితే ముద్ద 41 గ్రాములు వచ్చింది, రిటార్ట్ అయ్యాక స్పాంజి 17, కరిగించి శుద్ధి చేశాక మేలిమి బంగారం 9 గ్రాముల చిల్లర. మిగతాదంతా వెండి, రాగి. బాబాయి చెప్పిన పది తులాలు ఎక్కడ, ఇదెక్కడ. వాళ్ళ ఛార్జీలు, నా పెట్రోలు పోను కూడా లాభమే, అబద్ధమెందుకు. కానీ ముద్ద తీసేశాక మిగిలిన ఆ అర కిలో పైచిలుకు రసంలో ఉన్న ముప్పావు గ్రాము కోసం వాళ్ళు కూడా ఆశపడలేదు, నేనూ అడగలేదు.

అప్పజెప్పేయడం

బంగారం లేని పాదరసానికి, లెక్క వేస్తే గ్రాము కూడా రాదని తేలినదానికి ఇదే దారి. ఘన వ్యర్థాల నియమాల్లో పగిలిన థర్మామీటర్లు, బ్యాటరీలు, ట్యూబ్‌లైట్లు మామూలు చెత్తలో కలపకూడనివాటి కింద వస్తాయి, మున్సిపాలిటీ వాటిని విడిగా తీసుకోవాలి. కాగితం మీద ఉన్నంత సులువుగా చెత్తబండి దగ్గర జరగదు, ఆ అబ్బాయికి సీసా ఇస్తే తడిచెత్తలో వేసేస్తాడు, కాబట్టి బండికి ఇవ్వకండి. వార్డు శానిటరీ ఇన్‌స్పెక్టర్‌తోనో, జిల్లా కాలుష్య నియంత్రణ మండలి ఆఫీసులోనో మాట్లాడండి. తెలంగాణలో దుండిగల్ దగ్గర, ఆంధ్రలో విశాఖ పక్కన పరవాడలో ప్రమాదకర వ్యర్థాలని శుద్ధి చేసి భద్రంగా పూడ్చే కేంద్రాలు ఉన్నాయి. అవి ముఖ్యంగా ఫ్యాక్టరీల కోసం కట్టినవి, ఒక ఇంటివాడు సీసాతో గేటు దగ్గర నిలబడితే లోపలికి రానివ్వరు, మండలి ఆఫీసు ద్వారానో, ఇప్పటికే వాళ్ళకి వ్యర్థాలు పంపే కాలేజీ ల్యాబు ద్వారానో వెళ్తే పని అవుతుంది. మీకు తెలిసిన కెమిస్ట్రీ లెక్చరర్ ఉంటే ఆయన్ని పట్టుకోవడమే అన్నిటికన్నా దగ్గరి దారి, నా అనుభవంలో.

ఖాళీ స్థలంలో పూడ్చేయడం, బావిలో వేయడం, ఫ్లష్ చేయడం, ఇవి వదిలించుకోవడం కాదు, పక్కవాళ్ళ మీదికి తోయడం. కొడైకెనాల్‌లో థర్మామీటర్ల ఫ్యాక్టరీ 2001లో మూతబడింది, అక్కడి మట్టిలో పాదరసం గొడవ ఆ తర్వాత రెండు దశాబ్దాలు నడిచింది.

అమ్మేయడం

పాత పాదరసం కొంటామని వాట్సాప్‌లో తిరిగేవాళ్ళు రెండు రకాలు. ఒకళ్ళు లింగాలు చేస్తామనో, రసౌషధాలకి అనో కొంటారు, మీ సీసాలో సీసం, కాడ్మియం ఏమున్నాయో వాళ్ళకి తెలియదు, మీకూ తెలియదు, చివరికి అది ఎవరి నోట్లోకి పోతుందో ఆలోచించండి. ఇంకొకళ్ళు "ఎర్ర పాదరసం" బ్యాచ్, పాత టీవీల్లో, రేడియోల్లో ఉంటుంది, గ్రాము లక్షలు అంటారు. అలాంటి పదార్థం లేదు. రైస్ పుల్లింగ్ చెంబుకి ఇది తమ్ముడి వరస, టెస్టింగ్ ఫీజు కట్టమన్న చోట ఫోన్ పెట్టేయండి.

నేను చేసిన తెలివితక్కువ పని

ఎంత ముద్ద ఉందో చూద్దామని ఒక ఆదివారం వరండాలో స్టీలు పళ్ళెంలో కొంచెం వంచాను. వంచేటప్పుడు చుక్క ఎగిరింది. పెద్దదేం కాదు, కందిగింజంత. నేల మీద పడి ఇరవై ముక్కలై నాపరాళ్ళ సందుల్లోకి దూరిపోయింది. మా ఆవిడ పరిగెత్తుకొచ్చి ఒక ముక్కని వేలితో పైకి తోయబోయింది, నిమిషం తర్వాత చూస్తే ఉంగరం ఒక పక్క తెల్లగా, వెండి ఉంగరంలా ఉంది.

ఉంగరం తెల్లబడినవాళ్ళు కంగారుపడి స్టవ్ మీద పెడతారు, అదే చేయకూడనిది. బంగారం ఎక్కడికీ పోలేదు, పైపొర పాదరసాన్ని పీల్చుకుంది, అంతే. ఉంగరాన్ని గట్టి మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బాలో పెట్టేసి, పొగ బయటికి లాగే ఏర్పాటు ఉన్న పనివాడికి ఇది పాదరసం అని చెప్పి మరీ ఇవ్వాలి. "పాలిష్ పెట్టండి" అని మామూలుగా ఇచ్చి వస్తే ఆయన టార్చ్ పెడతాడు, పీల్చేది ఆయన. రంగు తిరిగి వచ్చినా పైన గరుకుగా ఉండి, మళ్ళీ మెరుగు పెట్టించాల్సి రావచ్చు.

చుక్క పడితే ఏం చేయాలో అప్పుడు తెలుసుకున్నాను. పిల్లల్ని, కడుపుతో ఉన్నవాళ్ళని ఇంకో గదిలోకి కాదు, ఇంకో ఇంటికి పంపండి. ఏసీ ఆపి కిటికీలు తీయండి. చీపురు ముట్టుకోకండి, ఊడిస్తే ఒక చుక్క వంద చుక్కలవుతుంది, వాక్యూమ్ క్లీనర్ అయితే దాన్ని ఆవిరి చేసి ఇల్లంతా చిమ్ముతుంది. గది చీకటి చేసి టార్చిలైటు నేలకి ఆనించి పక్కవాటుగా వేస్తే ఎక్కడెక్కడ దాక్కున్నాయో మెరుస్తాయి. రెండు అట్టముక్కలతో దగ్గరికి తోసి, సూది లేని సిరంజితో పీల్చి, నలుసుల్ని టేపుకి అంటించి, అన్నీ ఒక మూత గట్టి డబ్బాలో వేయాలి. సందుల్లో మిగిలినదాని మీద గంధకం పొడి చల్లితే పైపొర కట్టి ఆవిరి తగ్గుతుంది, పూర్తిగా పోదు, కాబట్టి చల్లేశాం కదా అని కిటికీలు మూసేయకండి. తొక్కిన చెప్పులు కూడా అదే సంచిలోకి.

ఇదంతా ఒక కందిగింజ కోసమా అంటే, 25 డిగ్రీల వేడిలో మూసిన గదిలో పాదరసం గాలిని నింపగలిగితే ఘనమీటరుకి దాదాపు 20 మిల్లీగ్రాముల దాకా నింపుతుంది. రోజుకి ఎనిమిది గంటలు పనిచేసే కార్మికులకి అమెరికాలోని ఏసీజీఐహెచ్ అనే సంఘం పెట్టిన హద్దు 0.025. ఎనిమిది వందల రెట్లు తేడా. ప్రొద్దుటూరు ఎండాకాలంలో 25 డిగ్రీలు ఎక్కడ ఉంటాయి, లెక్క మీరే వేసుకోండి.

ఇచ్చేదాకా ఇంట్లో ఎలా ఉంచాలి

గాజు సీసా ఉంటే దాన్ని అలాగే మందపాటి ప్లాస్టిక్ డబ్బాలో నిలబెట్టి, చుట్టూ ఇసక పోసి, డబ్బా మూత బిగించండి. ఒక సీసాలోంచి ఇంకో సీసాలోకి మార్చే పని పెట్టుకోకండి, నేను పడ్డది అక్కడే. డబ్బా మీద "పాదరసం, తెరవద్దు" అని పెద్దగా రాయండి, పదేళ్ళ తర్వాత మీ పిల్లలకి దొరికితే వాళ్ళకి తెలియాలి కదా. అల్యూమినియం గిన్నెలో మాత్రం ఎప్పుడూ పెట్టకండి, అల్యూమినియం పైపొరని పాడుచేసి గిన్నెని తినేస్తుంది. విమానంలో పాదరసం తేవద్దనేది కూడా ఇందుకే. ఊళ్ళో తాతగారి సీసాని అమెరికాకి సూట్‌కేసులో పెట్టుకెళ్దామనుకునేవాళ్ళు ఉంటారు, అస్సలు వద్దు, కొరియర్ కూడా వద్దు. కారులో అయితే డిక్కీలో, బకెట్‌లో నిలబెట్టి, కిటికీలు కాస్త తీసి.

కాలిఫోర్నియాలో ఉన్న మనవాళ్ళకి

శాక్రమెంటో వైపు ఉండే మా కజిన్ వారాంతాల్లో అమెరికన్ రివర్‌లో ప్యాన్ పట్టుకుని బంగారం వెతుకుతాడు. అతనికి దొరికే రేణువులు కొన్ని తెల్లగా ఉంటాయి, ప్యాన్ అడుగున అప్పుడప్పుడు పాదరసం గోళీలు కూడా. పందొమ్మిదో శతాబ్దం బంగారం వేటలో కాలిఫోర్నియాలో వాడిన పాదరసం రెండున్నర కోట్ల పౌన్ల పైమాటే, అందులో కోటి పౌన్లకి పైగా ఏట్లోకి, మట్టిలోకి పోయిందని అమెరికా భూగర్భ సర్వే అంచనా. అది ఇంకా అక్కడే ఉంది. అక్కడ దొరికిందాన్ని తిరిగి నీళ్ళలో వదలకుండా చిన్న ప్లాస్టిక్ సీసాలో పోసి, పైన కొద్దిగా నీళ్ళు నిలిపి, కౌంటీ వాళ్ళు ఇంటి ప్రమాదకర వ్యర్థాలు తీసుకునే చోట ఇచ్చేయడమే. మన దగ్గర కాళ్ళరిగేలా తిరగాల్సిన పని అక్కడ అరగంటలో అయిపోతుంది. తెల్లబడ్డ రేణువులు చారెడు పోగయ్యాక రిఫైనరీకి ఇవ్వొచ్చు, గరాజులో టార్చ్ మాత్రం వద్దని అతనికి లింకన్ పార్క్ సంగతి పంపించాను.

ఇప్పటికీ పాదరసం వాడే కొట్లు

ఊడ్పు మట్టిలోంచి రజను తీయడానికి ఇంకా పాదరసం వాడేవాళ్ళుంటే, దాని అవసరం లేదు. అయస్కాంతంతో ఇనప రజను తీసేసి, నీళ్ళలో కడిగి బరువుది వేరుచేసి, వెలిగారంతో కలిపి కరిగిస్తే బంగారం అడుక్కి దిగుతుంది. వెలిగారం కంసాలికి కొత్తా? ఫిలిప్పీన్స్‌లో బెంగెట్ ప్రాంతంలో చిన్న గనుల వాళ్ళు పాదరసం మానేసి దశాబ్దాలుగా ఇలాగే చేస్తున్నారు. పాదరసం పట్టే సన్నటి నలుసుల్లో కొన్ని దీనికి చిక్కవంటారు, కడగడంలో చేతివాటం ఉన్నవాడికి ఆ తేడా చాలా తక్కువ. పైగా పాదరసం వాడకం తగ్గించడానికి దేశాలు చేసుకున్న మినమాటా ఒప్పందం 2017లో అమల్లోకి వచ్చింది, భారత్ 2018లో చేరింది, పాదరసం దొరకడం రానురాను కష్టమే అవుతుంది.

మాట మర్చిపోయాను, ఖాళీ అయిన బుడ్డి సంగతి. గుర్తుగా ఉంచుకుందాం, కడిగి ఇవ్వండి అని అమ్మ అడిగింది. గాజుకి అంటుకున్న పొర కడిగితే పోదు, కడిగిన నీళ్ళు ఇంకో తలనొప్పి, వద్దన్నారు యూనిట్ వాళ్ళు. బుడ్డి, లక్క మూత, మురికి గుడ్డ, నేను వేసుకెళ్ళిన గ్లౌజులు అన్నీ ఒకే సంచిలో కట్టి అక్కడే ఇచ్చి వచ్చాను. అమ్మ వారం రోజులు మాట్లాడలేదు.